లాకుల కోసం వెళ్ళిన ఊరు

మా ఊళ్ళో బస్సు ఆగే చోటి పేరు లాకులు. గోదావరి కాలవలో పడవలు పల్లానికి దిగడానికీ మెరకకి ఎక్కడానికీ తెల్లదొరల కాలంలో కట్టిన పెద్ద పెద్ద తలుపులు అవి. పడవలు ఎప్పుడో పోయాయి. తలుపులు మాత్రం ఉన్నాయి. వాటి సందుల్లోంచి నీళ్ళు చిమ్ముతూ రోజంతా ఒకటే హోరు. బడి నుంచి వస్తూ ఆ హోరు దగ్గర కాసేపు నిలబడకపోతే నాకు ఇంటికి వచ్చినట్టే ఉండేది కాదు. అందుకే బ్రాంప్టన్ వేర్‌హౌస్‌లో నా పక్క టేబుల్ దగ్గర పెట్టెలకి టేపు వేసే పెద్దావిడ, "నేను పుట్టిన ఊరు చాలా బాగుంటుంది, సరిగ్గా లాక్ ఒడ్డునే," అన్నప్పుడు నా చెయ్యి ఆగిపోయింది.

కెనడాలో లాకులు! ఊరి పేరు అడిగాను. ఫోన్‌లో కొట్టి చూపించింది. పేరు మొదట్లో లోచ్ అని ఉంది. లోచ్ అని రాసి లాక్ అని పలుకుతారా అని ఒక్క క్షణం అనుమానం వచ్చింది కానీ, ఇంగ్లిష్‌వాళ్ళ స్పెల్లింగులు ఎప్పుడు తిన్నగా ఏడ్చాయి కనక అని ఊరుకున్నాను.

మా స్టూడెంట్లందరం కెనడాలో కుప్పలుతెప్పలుగా దిగిపడుతున్న ఏళ్ళ మాట ఇది. దిగిపడటం అనేది నా మాట కాదు, టీవీలో వాళ్ళు అలాగే మాట్లాడేవారు. అద్దెలు పెరిగాయా, స్టూడెంట్లు. ఆస్పత్రిలో క్యూ పెరిగిందా, స్టూడెంట్లు. బస్సులో సీటు దొరకలేదా, స్టూడెంట్లు. మాల్ వెనక నాలుగు గదుల్లో నడిచే కాలేజీలోకి మమ్మల్ని రమ్మని పిలిచింది ఎవరో, ఫీజు పుచ్చుకున్నది ఎవరో మాత్రం ఒక్కరూ అడిగేవారు కాదు. ఆ వార్తలు వింటుంటే నాకు ఒళ్ళు మండేది. ఒళ్ళు మండటం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. మా అమ్మ దాన్ని తిక్క అంటుంది. నేను రోషం అంటాను.

నేను అద్దెకున్న బేస్‌మెంట్‌లో నాతో పాటు ఇంకో ఇద్దరు ఉండేవారు. ఒకతె నిజామాబాద్ అమ్మాయి. క్లాసులు లేనప్పుడు పాత కారు ఒకటి వేసుకుని ఇళ్ళకి ఫుడ్ డెలివరీ చేసేది. ఆ కారు ఎక్కితే ఊళ్ళోవాళ్ళందరి భోజనాల వాసనా కలిపి ఒకేసారి వచ్చేది. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. రెండో అమ్మాయిది కడప. మా ముగ్గురిలో బాగా చదివేది తనే. నా గదిలోనే ఉండేది. మొదట్లో తను నవ్వితే పైనున్న ఇంటివాళ్ళు కాలితో నేల తట్టేవారు, అంత నవ్వు.

ఆ నవ్వు ఒక బస్సులో పోయింది. కాలేజీ నుంచి వస్తూ అమ్మతో ఫోన్‌లో మాట్లాడుతోందట. వెనక సీటులోని మనిషి ముందుకి వంగి, "ఇక్కడ ఇంగ్లిష్‌లో మాట్లాడు, లేకపోతే మీ దేశం పో," అన్నాడు. బస్సు నిండా జనం. ఎవరూ ఏమీ అనలేదు. తిట్టినవాడి కంటే, ఏమీ అనకుండా కిటికీల్లోంచి చూస్తూ కూర్చున్నవాళ్ళే తనని ఎక్కువ బాధపెట్టారు. ఆ రోజు నుంచి గడప దాటితే తెలుగు మాట్లాడటం మానేసింది. షాపులో నేను, "కందిపప్పు తీసుకుందామా?" అంటే తల ఊపేది, అంతే. నిజామాబాద్ అమ్మాయి రోడ్డు మీద గట్టిగా పిలిస్తే చెయ్యి పట్టుకుని ఆపేది. అమ్మతో కూడా మాటలు తగ్గిపోయాయి. పొడి పొడిగా రెండు ముక్కలు, అవి కూడా గుసగుసగా.

చివరికి ఒకరోజు అన్నం ముందు కూర్చుని చెప్పేసింది.

"నేను ఇంటికి పోతా. సదువూ వద్దు, ఏమీ వద్దు. నోరు మూసుకోని బతికేది నాకు చేతగాదు."

మేమిద్దరం బతిమాలాం, తిట్టాం, అలిగాం. ఏం చేసినా కదల్లేదు. ఆఖరికి ఒక్కదానికి ఒప్పుకుంది. ఇన్నాళ్ళూ కెనడాలో ఇల్లు, కాలేజీ, పని తప్ప ఏమీ చూడలేదు కాబట్టి ఈ ఆదివారం మాతో ఎక్కడికైనా వస్తుంది. సోమవారం అమ్మకి ఏదో ఒకటి చెప్పేస్తుంది, ఉంటానని గానీ, వచ్చేస్తున్నానని గానీ. తన ఇష్టంతో తను వెళ్ళిపోతే నాకు బాధే, కానీ ఓర్చుకుంటాను. ఎవడో తరిమాడని వెళ్ళిపోతే మాత్రం అది నాకు అవమానం. అందుకే ఆ ఆదివారం మీద గంపెడాశ పెట్టుకున్నాను. ఎక్కడికి వెళ్దామంటే ఠక్కున లాకుల ఊరు అన్నాను.

"లాకులంటే ఏంది?" అంది నిజామాబాద్ అమ్మాయి.

చెప్పాను. కాలవ, తలుపులు, నీటి మట్టం, పడవ గదిలో ఆగడం, నీళ్ళు నింపడం, అంతా చేతులతో చూపించాను.

"గంతేనా? నీళ్ళకు దర్వాజ పెట్టిన్రు, దాన్ని సూడనీకె పోవుడా?" అంది. కానీ కారు తాళం తీసింది.

పొద్దున్నే బయల్దేరాం. కడప అమ్మాయి తెల్లారకముందే లేచి మరమరాలతో ఉగ్గాని చేసింది. నేను పులిహోర కలిపాను. నిజామాబాద్ అమ్మాయి బియ్యప్పిండితో సర్వపిండి కాల్చింది. కారులో ఆరోజు మొదటిసారి మా భోజనాల వాసన వచ్చింది. రిచ్‌మండ్ హిల్ దాటాక ఇళ్ళు పలచబడి, మొక్కజొన్న చేలు మొదలయ్యాయి. కడప అమ్మాయి వెనక సీటులో కూర్చుని అద్దంలోంచి చూస్తూనే ఉంది. మాట్లాడలేదు కానీ, పడుకోలేదు కూడా. దాన్నే శుభశకునం అనుకున్నాను.

ఊరు చిన్నది. ఒకటే పెద్ద వీధి. ఆ వీధి చివర రాతి చర్చి, దాని పక్కన గడియారం, ఆ గడియారం ఆగిపోయి ఉంది. ఒక ఐస్‌క్రీం కొట్టు, ఒక బేకరీ, గళ్ళ గుడ్డతో కుట్టిన లంగాల్లాంటివి కిటికీలో వేలాడదీసిన షాపు. అవి మగవాళ్ళు కట్టుకుంటారని బోర్డు చూస్తే తెలిసింది. "మా తాత లుంగీ ఇంతకన్న మంచిగుంటది," అంది నిజామాబాద్ అమ్మాయి. ఒడ్డు పక్క పార్కింగ్ ఊరివాళ్ళకే అని, బయటివాళ్ళ కార్లు చర్చి వెనక పెట్టుకోమని రాసి ఉంది. అక్కడే పెట్టి, వీధి దిగి నీళ్ళ దగ్గరికి నడిచాం.

నీళ్ళు ఉన్నాయి. బోలెడు. ఎదటి గట్టు నీలంగా, దూరంగా, సన్నగా ఉంది. ఒక చెక్క జెట్టీ, దాని కొసన పొట్టి లైట్‌హౌస్, ఎర్ర టోపీ పెట్టినట్టు. తెల్ల పడవలు కట్టేసి ఉన్నాయి. నేను అటూ ఇటూ ఒడ్డు వెంబడి నడిచాను. తలుపులు లేవు. కాలవ లేదు. హోరు లేదు.

"ఏవే నీ లాకులు?"

"ఇక్కడే ఎక్కడో ఉంటాయి," అన్నాను. పరువు దక్కించుకోవడానికి జెట్టీ అవతలికి కూడా వెళ్ళి వచ్చాను. అక్కడ బాతులున్నాయి.

"బాతుల్ని అడిగినవా?" అంది నిజామాబాద్ అమ్మాయి, పొట్ట పట్టుకుని నవ్వుతూ. కడప అమ్మాయి పెదాలు కూడా కదిలాయి. చుట్టూ చూసి వెంటనే ఆపేసుకుంది.

ఒడ్డునే చెక్క ఇల్లు ఒకటి ఉంది. ఊరి మ్యూజియం. అక్కడైనా అడిగి తేల్చుకుందామని ముగ్గురం లోపలికి వెళ్ళాం. తెల్ల జుట్టు ముసలావిడ ఒకరు కుర్చీలో కూర్చుని స్వెట్టర్ అల్లుకుంటున్నారు. లాక్స్ ఎటువైపని అడిగాను. ఆవిడకి అర్థం కాలేదు. మళ్ళీ చేతులతో తలుపులు తెరిచి, నీళ్ళు నింపి, పడవ పైకెత్తి చూపించాను. ఆవిడ అల్లిక ఒళ్ళో పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. వెక్కిరించే నవ్వు కాదు, ఊపిరాడని నవ్వు.

"అమ్మాయీ, అది లాక్ కాదు. లోఖ్. మా ముత్తాతల భాషలో సరస్సు అని. వాళ్ళు స్కాట్లండ్ కొండల్లోంచి ఓడలెక్కి వచ్చారు. వచ్చీ రాగానే ఈ నీళ్ళకి వాళ్ళ ఊరి మాట తగిలించారు. అంతకు ముందు ఇక్కడున్నవాళ్ళు దీన్ని ఇంకేదో అనేవారు. ఆ మాట ఏమిటో మావాళ్ళు రాసిపెట్టలేదు," అని ఒక క్షణం ఆగారు. "ఇప్పుడు మా మాట కూడా పోయింది. నా మనవలు నీలాగే లాక్ అంటారు. ఆ చివరి శబ్దం ఈ ఊళ్ళో ఎవరికీ నోరు తిరగదు."

ఆవిడ గొంతు వెనకనుంచి గరగరమని పలికి చూపించారు. నేను ప్రయత్నించాను. లోఖ అని మన వత్తు ఖ వచ్చింది. కాదన్నారు. మళ్ళీ కాదన్నారు. అంతలో నిజామాబాద్ అమ్మాయి, అప్పటిదాకా గోడమీద ఫోటోలు చూస్తున్నది, ఇటు తిరిగి మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా, "లోఖ్," అంది.

ముసలావిడ కుర్చీలోంచి లేచారు. "ఇంకోసారి అను!"

"లోఖ్. గిదేముందే, మా ఉర్దూల ఖ్వాబ్ లేదా, ఖబర్ లేదా? గదే ఖ," అంది మాకేసి చూసి. తర్వాత ఆవిడకి ఇంగ్లిష్‌లో చెప్పింది, మా ఊరి బజారులో కూరగాయలమ్మే వాళ్ళ నుంచి ఆటోవాళ్ళ దాకా ఈ శబ్దం అందరికీ వచ్చని. ఆవిడ నమ్మలేనట్టు చూశారు. నిజామాబాద్ నుంచి వచ్చిన పిల్ల నోట్లో ముత్తాత మాట దొరికిందని ఆవిడ సంతోషం. నాకు మాత్రం కుళ్ళు, లాకులు నావి, పేరు దానికొచ్చింది.

అప్పుడు కడప అమ్మాయి నోరు విప్పింది. గొంతు బాగా తగ్గించి, ఇంగ్లిష్‌లో.

"వాళ్ళకి ఇంగ్లిష్ వచ్చేదా? వచ్చినవాళ్ళకి?"

"కొందరికి ఒక్క ముక్క వచ్చేది కాదు," అన్నారు ఆవిడ. గోడమీద ఒక ఫోటో చూపించారు. నల్ల బట్టలు, బిగించిన పెదాలు, ఎవరి మాటా వినే రకం కాదని చూడగానే తెలుస్తోంది. "మా తాతమ్మ. ఇక్కడే బతికింది, ఇక్కడే పోయింది. ఇంగ్లిష్ నేర్చుకోలేదు. అవసరమైతే వాళ్ళే నేర్చుకుంటారు అనేదట. ఆవిడతో గొడవ పడలేక కొట్టువాడే చివరికి మా భాష నేర్చుకున్నాడు."

కడప అమ్మాయి ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడింది. నేను కదిలించలేదు.

బయటికి వచ్చేసరికి ఆకలి దంచేస్తోంది. నీళ్ళ పక్కన మేపుల్ చెట్ల నీడలో చెక్క బల్లలు ఉన్నాయి. ఒకటి ఖాళీగా ఉంటే క్యారియర్ విప్పాం. నిజామాబాద్ అమ్మాయి ముందుగానే చెత్తకి ఒక సంచీ బల్ల కాలికి కట్టింది. బీచ్‌ల దగ్గర మనవాళ్ళు చెత్త పోస్తున్నారంటూ వీడియోలు తీసి పెడుతున్నారని ఆ జాగ్రత్త. మూతలు తీసీ తీయగానే ఇంగువ వాసన వచ్చింది. ప్రాణం లేచి వచ్చింది.

రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటుండగా ఆయన వచ్చాడు. మాకు కొంచెం దూరంలో మడత కుర్చీ వేసుకుని, పక్కన కుక్కతో కూర్చున్న మనిషే. అరవై దాటి ఉంటాయి. టోపీ, ఎర్రటి మెడ. మా బల్ల దగ్గర నిలబడి, "ఇది రెసిడెంట్స్ ఓన్లీ," అన్నాడు.

"ఆ బోర్డు అక్కడున్న పార్కింగ్‌కి. మేము అక్కడ పెట్టలేదు. చర్చి వెనక పెట్టాం. బల్లకి బోర్డు లేదు," అన్నాను.

"మీరు కార్లకి కార్లు వస్తారు. ఇక్కడ వండుతారు, చెత్త పోస్తారు, అరుస్తారు. ఇది మా ఊరు."

"మేము వండలేదు. వండుకుని వచ్చాం."

"మున్సిపాలిటీ నుంచి బైలా ఆఫీసర్‌ని పిలుస్తాను."

"పిలవండి," అన్నాను.

ఆ మాట అనేశాక నాకు భయం వేసింది. ఆయన తన కుర్చీ దగ్గరికి వెళ్ళి ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. నిజామాబాద్ అమ్మాయి మూతలు పెట్టడం మొదలుపెట్టింది.

"పోదాం పా. మనకెందుకే గీ లొల్లి? రేపు స్టడీ పర్మిట్‌కు ఏమన్నైతే ఎవలు సూస్తరు?"

దాని భయం తప్పని నేను అనను. ఆ రోజుల్లో మాకు యూనిఫాం వేసుకున్న ప్రతి మనిషీ ఇమ్మిగ్రేషన్‌లాగే కనపడేవాడు. కానీ మూతలు పెట్టి, బల్ల తుడిచి, తల వంచుకుని కారు దాకా నడవడం, ఆ నడకని ఆయన కుర్చీలో కూర్చుని చూడటం, అది తలుచుకుంటే నాకు అన్నం సహించలేదు. అంతకన్నా, పక్కన కడప అమ్మాయి ఉంది. మళ్ళీ ఆ బస్సే ఎక్కించి అదే తిట్టు తినిపించినట్టు అయింది నా పని. ఇప్పుడు లేస్తే తను రేపు ఏం చెబుతుందో నాకు తెలుసు.

"ఎవరూ లేవక్కర్లేదు. తినండి. నెమ్మదిగా తినండి," అన్నాను. నెమ్మదిగా తినమని చెప్పి నేనే గబగబా తిన్నాను, ముద్ద ఎటు పోతోందో తెలియలేదు.

ఆఫీసర్ వచ్చింది. మా వయసే ఉంటుందేమో, జుట్టు వెనక్కి బిగించి కట్టుకున్న అమ్మాయి. స్టవ్ ఉందా అని అడిగింది. లేదన్నాను. కింద వంగి చూసింది. చెత్త సంచీ చూసింది. క్యారియర్ గిన్నెలు చూసింది. "ఇది మసాలా రైసా?" అని అడిగింది. కాదు, మరమరాలు అని చెప్పడానికి ఇంగ్లిష్ మాట గుర్తుకు రాక తల ఊపాను. బల్లలు ఎవరికైనా సరే, ఎండ పోయేదాకా కూర్చోవచ్చు అంది. తర్వాత ఆయన దగ్గరికి వెళ్ళి అదే చెప్పి, బండి ఎక్కి వెళ్ళిపోయింది.

నిజామాబాద్ అమ్మాయి మళ్ళీ మూతలు తీసింది. గెలిచామనే అనుకున్నాం. కానీ ఆయన ఊరుకోలేదు. కుర్చీలోంచి లేవకుండానే మా వైపు తిరిగి, "సరే, కూర్చోండి. కనీసం గొంతులు తగ్గించండి. ఇంగ్లిష్‌లో మాట్లాడండి. ఈ దేశంలో అది మర్యాద," అన్నాడు.

బస్సులో అన్న మాటే ఇది, కాస్త స్నానం చేయించి బట్టలు కట్టారు, అంతే. పక్క బల్లల వాళ్ళు విన్నారు. ఒకావిడ తన పిల్లాడి షర్టు సర్దింది. ఇంకొకాయన నీళ్ళకేసి చూశాడు.

కడప అమ్మాయి చెయ్యి కడుక్కుంది. చున్నీతో తుడుచుకుంది. బ్యాగ్‌లోంచి ఫోన్ తీసింది. అయిపోయింది అనుకున్నాను. సోమవారం దాకా కూడా ఆగదు, ఇప్పుడే వాళ్ళమ్మకి వచ్చేస్తున్నానని చెప్పేస్తుంది. చెప్పనీ. దాని స్థానంలో నేనున్నా అదే చేస్తానేమో. నాకు ఏడుపు వచ్చింది, ఏడవలేదు.

తను వీడియో కాల్ చేసి ఫోన్ స్పీకర్‌లో పెట్టి బల్ల మీద, గిన్నెల మధ్య నిలబెట్టింది. అవతల రింగైంది. వాళ్ళింట్లో రాత్రి భోజనాలు అయ్యే వేళ. టీవీ సీరియల్ మోత ముందు వినపడింది, తర్వాత వాళ్ళమ్మ ముఖం కనపడింది.

"మా!" అంది కడప అమ్మాయి. బాతులు లేచిపోయేలా అంది.

"ఏమ్మే? ఏమైంది? ఎందుకట్ల అరుస్తాండావు?"

"ఏం కాలేదు మా. ఒక పెద్ద చెరువు కాడికి వచ్చినాం. ఎంత పెద్దదంటే అవతలి గట్టు సన్నంగా గీత మాదిరి కనపడతాంది. కూచోని ఉగ్గాని తింటాండాం. నేనే చేసినా. నీ మాదిరే వచ్చింది, కొంచెం ఉప్పు తక్కువైంది, అంతే."

నిజామాబాద్ అమ్మాయి నన్ను బల్ల కింద నుంచి గిల్లింది. మడత కుర్చీ మనిషి ఇటు తిరిగాడు. కడప అమ్మాయి ఆయన్ని చూసింది. చూపు దించలేదు. గొంతూ దించలేదు.

అవతల టీవీ కట్టేశారు. వాళ్ళమ్మ గొంతు మారింది.

"రేపు చెప్తా అంటివే మే. వచ్చేస్తాండావా?"

"రాను మా," అంది. "సదువు అయినాక, నాకు రాబుద్ధి పుట్టినప్పుడు వస్తా. ఎవడో పొమ్మంటే వచ్చేదానికి నేనేమన్నా వాని ఇంట్లో ఉండానా?"

వాళ్ళమ్మకి ఎవరు పొమ్మన్నారో, ఏం జరిగిందో ఏమీ తెలియదు. బస్సులో అతనన్న ఇంగ్లిష్ మాట ఫోన్‌లో వినపడినా అర్థమై ఉండదు, ఇన్నాళ్ళూ తను ఒక్క ముక్క చెప్పలేదు. కూతురి ముఖంలోకి చూసింది.

"సరేలే," అంది చివరికి. "కడుపునిండా తింటాండావా?"

"తింటాండా మా!" అంది, ఒడ్డు ఒడ్డంతా వినపడేలా.